పావు అంగుళం పిల్లలు, పెరటి ప్రయాణం

(వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం కాకినాడలో పిల్లలకూ పెద్దలకూ కలిపి సినిమా చూపించాక, ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసింది. సినిమా చూడనివారికి కథ రెండు ముక్కల్లో: వేన్ సలిన్‌స్కీ అనే శాస్త్రవేత్త అటక మీద పెట్టుకున్న యంత్రం వల్ల ఆయన ఇద్దరు పిల్లలూ, పొరుగింటి ఇద్దరు పిల్లలూ పావు అంగుళం అయిపోతారు. ఆయన తెలియక వాళ్లను చెత్తతో ఊడ్చి, సంచిలో పెరటి చివర పడేస్తాడు. వాళ్లు పెరడు దాటి ఇంటికి చేరాలి.)

అందరికీ నమస్కారం. సినిమా అయిపోగానే లేచి వెళ్లిపోకుండా కూర్చున్నారు, అందుకు ముందుగా మీకో దండం. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండి, ఇంకా కుర్చీలున్నాయి. ఫ్యాను కింద కుర్చీలు మాత్రం పిల్లలకు వదిలేయండి.

ఇందాక మనం చూసిన సినిమా పేరు ‘హనీ, ఐ ష్రంక్ ది కిడ్స్’. భర్త భార్యతో చెప్పే మాట అది. ‘ఏమోయ్, పిల్లల్ని చిన్నగా చేసేశాను’ అని. చూడండి, పేరులోనే సంసారమంతా ఉంది! ఏ భర్తయినా ఇంట్లో ఏదైనా పగలగొట్టాక ఇలాగే కదా మొదలుపెడతాడు? గొంతు తగ్గించి, ‘ఏమోయ్’ అని. వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, మీ ఇంట్లో ఏం పగిలిందో నేను అడగను.

1989 జూన్ 23న అమెరికాలో విడుదలైంది. అదే రోజు ‘బ్యాట్‌మన్’ కూడా విడుదలైంది. ఊరంతా నల్లటి గబ్బిలం గుర్తు పోస్టర్లు, దాని పక్కన ఈ బుల్లి సినిమా. మునిగిపోవాలి కదా? మునగలేదు. అమెరికాలోనే 13 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి 22 కోట్ల డాలర్లు వసూలు చేసింది. డిస్నీ సంస్థ దీనికి రెండో భాగం తీసింది, మూడో భాగం తీసింది, టీవీ ధారావాహిక తీసింది. అవన్నీ నేను చూశాను, మీరు చూడనక్కర్లేదు.

ఈ కథను మొదట ఆలోచించినవారిలో స్టూవర్ట్ గోర్డన్ ఒకడు. ఆయన తీసేవి రక్తం కారే భయానక చిత్రాలు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, తండ్రి సినిమా తీస్తాడు, ఆ సినిమా పిల్లలకు చూపించడానికి లేదు. అటువంటి తండ్రి, పిల్లలు చూడగలిగే సినిమా ఒకటి తీద్దామని కూర్చుంటే వచ్చిన కథ ఇది. తీరా చిత్రీకరణ మొదలయ్యే ముందు ఆయనకు జబ్బు చేసింది. ఆ కుర్చీలోకి జో జాన్‌స్టన్ వచ్చాడు. అప్పటికి ఆయన ఒక్క సినిమాకైనా దర్శకత్వం వహించినవాడు కాదు. ‘స్టార్ వార్స్’ చిత్రాలకు బొమ్మలు గీసినవాడు, మాయాదృశ్యాల పనికి ఆస్కార్ కూడా అందుకున్నవాడు. మెక్సికో నగరంలో చురుబుస్కో స్టూడియో అని పాత స్టూడియో ఒకటుంది. అక్కడ పెరడు కట్టారు. పెరట్లో తీయలేదండి, పెరడే కట్టారు! గడ్డిపరక కొబ్బరిచెట్టంత, బిస్కెట్టు గడ్డివామంత. పిల్లలకు నేస్తమయ్యే చీమను కూడా చేశారు. కొంత మనుషులు ఆడించే యంత్రపు బొమ్మ. కొంత, బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి మరో ఫోటో, అలా తీసి అతికించిన కదలిక. అందుకే ఆ చీమ చచ్చిపోయినప్పుడు మన గొంతు పట్టుకుంటుంది. ఈ వరుసలో ఒక పాప ఏడ్చింది, నేను చూశాను. అమ్మా, సిగ్గుపడకు. నేను పెద్దవాణ్ణి అయ్యాక చూసి ఏడ్చాను.

సరే, నా సంగతి చెబుతాను. తొంభైలలో మా వీధి చివర క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. రాత్రికి పది రూపాయలు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. ఈ క్యాసెట్టు తెచ్చి చూపించాను. తెల్లారి మా ఆవిడ చీపురు పట్టుకుంటే అమ్మాయి అడ్డం పడుకుంది. ఊడవడానికి వీల్లేదు! ఊడ్చినా, చేటలోకి ఎత్తిన చెత్తను తను ముందు చూడాలి. గుమ్మం దగ్గర కూర్చుని, అగ్గిపుల్లతో ఆ చెత్తంతా కెలికి, ఎవరూ లేరని తేల్చుకున్నాకే పారబోయాలి. వారం రోజులు మా ఇంట్లో చెత్తకు జరిగిన తనిఖీ విమానాశ్రయంలో కూడా జరగదు.

నాలుగో రోజో ఐదో రోజో ఆ చేట దగ్గర కూర్చునే అడిగింది. ‘నాన్నా, ఆ అంకుల్ వాళ్లను చీపురుతో ఊడ్చేశాడు కదా. మరి వాళ్ల బరువు ఎక్కడికి పోయింది?’

నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఏం చెప్పానో తెలుసా? ‘సినిమా కదమ్మా, అలాగే ఉంటుంది’ అన్నాను. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి చెప్పాల్సిన జవాబా అది? ఆ ప్రశ్నకు ఇవాళ జవాబు చెబుదామని వచ్చాను. కాస్త ఆలస్యమైంది, అంతే.

లెక్క చూద్దాం. భయపడకండి, ఒకటే లెక్క. ఐదడుగుల పిల్లాడు పావు అంగుళం అయ్యాడు. ఐదడుగులంటే అరవై అంగుళాలు. అరవైలో పావులు ఎన్ని? 240. అంటే పొడవు 240 రెట్లు తగ్గింది. పొడవు ఒక్కటే తగ్గితే వాడు పొట్టివాడై, వెడల్పుగా అప్పడంలా మిగిలేవాడు. వెడల్పు కూడా 240 రెట్లు తగ్గింది, మందం కూడా 240 రెట్లు తగ్గింది. మూడూ గుణించండి. 1 కోటి 38 లక్షలు! వాడి ఒంటి పరిమాణం కోటీ ముప్ఫై ఎనిమిది లక్షల రెట్లు తగ్గింది.

మరి బరువు? ఇలాంటి కథల్లో శాస్త్రవేత్త మామూలుగా చెప్పే మాట ఒకటుంది. ‘అణువులో చాలా భాగం ఖాళీయే, ఆ ఖాళీని నొక్కేస్తే వస్తువు చిన్నదైపోతుంది’ అని. వినడానికి ఎంత బాగుంది! అణువులో చాలా భాగం ఖాళీ అన్నది నిజమే. కానీ ఖాళీని తీసేస్తే బరువు తగ్గుతుందా? దూదిబస్తాను తొక్కి తొక్కి సంచిలో కూరాం, దూది బరువు తగ్గిందా? నలభై కిలోల పిల్లాడు పావు అంగుళమైనా నలభై కిలోలే. ఆ నలభై కిలోలూ ఆనేది ఆవగింజంత పాదాల మీద. నేల మీద నిలబడగలడా? మేకు దిగినట్టు అటక చెక్కలోంచి దిగి, కింది గదిలోకి దిగి, భూమిలోకి దిగిపోతాడు. అంత బరువు అంత చోటులో ఉండేది, ఆరిపోయి కుంచించుకుపోయిన శ్వేత కుబ్జ నక్షత్రాల్లో. నలుగురు పిల్లలంటే నూట అరవై కిలోలు. చీపురుతో ఊడుస్తారా? చేటలోకి ఎత్తుతారా? క్రేను కావాలి!

మా అమ్మాయి అడిగింది సరిగ్గా ఇదే. చేట లేచిందంటే బరువు పోయింది. బరువు పోయిందంటే వాళ్ల ఒంట్లోని పదార్థం పోయింది. ఎక్కడికి పోయింది?

ఇక్కడ మన పెద్దవాళ్లను మెచ్చుకోవాలి. అష్టసిద్ధులు ఎవరైనా చెప్పగలరా? అణిమ, మహిమ... ఆ, గరిమ, లఘిమ. ఆ మామ్మగారు చెబుతున్నారు, వినండి. అణిమ అంటే అణువంత కావడం. లఘిమ అంటే తేలికవడం. చూశారా? చిన్నగా కావడం వేరే సిద్ధి, తేలికవడం వేరే సిద్ధి! రెండూ ఒకటి కాదని వాళ్లు విడివిడిగా లెక్కపెట్టారు. ఇదంతా విజ్ఞానమే, మనకు ముందే తెలుసు అని నేను అనడం లేదు, దయచేసి అలా చెప్పానని బయట చెప్పకండి. కథ చెప్పేవాడికి ఆ తేడా తోచింది, అంతవరకే అంటున్నాను. సుందరకాండలో హనుమంతుడు బొటనవేలంతై సురస నోట్లోకి వెళ్లి వచ్చాడంటే ఆయన దగ్గర అన్ని సిద్ధులూ ఉన్నాయి, చింత లేదు. ఈ సినిమాలో వేన్ సలిన్‌స్కీ గారి యంత్రం అణిమ ఒక్కటే ఇవ్వాలి. లఘిమను దర్శకుడు చాటుగా కలిపేశాడు.

పోనీ కలిపాడనుకుందాం. నలభై కిలోలను కోటీ ముప్ఫై ఎనిమిది లక్షలతో భాగించండి. మూడు మిల్లీగ్రాములు. ఒక చీమ బరువు. ఇప్పుడు కథ నడుస్తుంది! తనంత బరువుకు ఎన్నో రెట్లు మోసే చీమ వీపు మీద మూడు మిల్లీగ్రాముల పిల్లలు సవారీ చేయొచ్చు, తేనెటీగ ఇద్దర్ని ఎత్తుకుపోవచ్చు, ఎక్కడి నుంచి పడ్డా దెబ్బ తగలదు.

దెబ్బ తగలదన్నాను కదా, ఇప్పుడు ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో పుట్టిన జీవశాస్త్రవేత్త. 1926లో ఒక చిన్న వ్యాసం రాశాడు, ఏ ప్రాణి ఎంత ఉండాలో అంతే ఎందుకు ఉంటుందని. అందులో అంటాడు: వెయ్యి గజాల లోతున్న గనిలోకి చిట్టెలుకను పడేయండి, అడుగున నేల మెత్తగా ఉంటే కాస్త అదిరిపడి లేచి నడిచిపోతుంది. ఎలుక చస్తుంది. మనిషి విరిగిపోతాడు. గుర్రం... గుర్రం సంగతి భోజనాల వేళ వద్దు. ఎందుకలా? బరువు మూడు వైపులా తగ్గుతుంది, గాలిని అడ్డుకునే ఒళ్లు రెండు వైపులే తగ్గుతుంది. చిన్న ప్రాణికి గాలే గొడుగు. అసలు ఈ లెక్కకు మూలపురుషుడు గెలీలియో, 1638 నాటి పుస్తకంలోనే ఎముకల బొమ్మ వేసి మరీ చెప్పాడు. హాల్డేన్ దానితో మనల్ని నవ్వించాడు.

అదే వ్యాసంలో నీళ్ల సంగతి ఉంది. మనం స్నానం చేసి బయటికొస్తే ఒంటికి సుమారు అరకిలో నీళ్లు అంటుకుని వస్తాయట. మనకు లెక్కలేదు. చిట్టెలుక తడిస్తే తనంత బరువు నీళ్లు మోయాలి. ఈగ తడిస్తే తన బరువుకు ఎన్నో రెట్లు మోయాలి, దాని పని అయిపోయినట్టే. ఇప్పుడు సినిమాలో ఆ ఘట్టం గుర్తు తెచ్చుకోండి. పచ్చిక తడిపే యంత్రం తిరగడం మొదలవుతుంది. బాంబులు పడ్డట్టు చుక్కలు పడతాయి. పిల్లలు పరుగులు. మీరంతా కేకలు పెట్టారు. చుక్క అంత పెద్దగా కనిపించడం సరైనదే, వాన చుక్క రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, పిల్లాడు ఆరు మిల్లీమీటర్లు. వాడి నడుమంత చుక్క! కానీ అది బిందెడు నీళ్లు కుమ్మరించినట్టు చిందదు. తలతన్యత అని చదువుకున్నారు కదా, తొమ్మిదో తరగతి వాళ్లు తలూపండి. తామరాకు మీద నీటిబొట్టును చూశారు కదా, చర్మం ఉన్నట్టు బిగుసుకుని ఉంటుంది. ఆ బొట్టు వాణ్ణి కొట్టదు, అంటుకుంటుంది. చుట్టేసుకుంటుంది. జిగురుముద్దలో చిక్కిన ఈగలా వాడు లోపల ఉంటాడు. ఆ అమ్మాయి బురదగుంటలో మునిగి, కుర్రాడు పైకి లాగి ఊపిరి పోస్తాడు కదా. నిజానికి అతనికీ ఆ నీటికీ జరగాల్సిన పోరాటం ముందు తేలుతో పోరాటం ఏపాటి? పాలగిన్నెలో పడ్డ నిక్, అదే వేన్ గారి అబ్బాయి, కూడా అంతే. ఈత కొట్టే ప్రశ్నే లేదు, పాలు వదిలితే కదా!

ఇంత చెప్పాక, అసలు హాల్డేన్ మన ఊళ్లో ఎందుకు గుర్తు రావాలో చెప్పాలి. ఆయన 1957లో ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చేశాడు. కలకత్తాలో పనిచేశాడు, తర్వాత భువనేశ్వర్ వెళ్లాడు. పంచె, లాల్చీ కట్టేవాడు. భారత పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు, క్యాన్సర్‌తో. ఆ క్యాన్సర్ మీద కూడా హాస్యంగా పద్యం రాసి పోయాడు. పోయాక తన శరీరం వైద్యవిద్యార్థుల చదువుకు ఉపయోగపడాలని కోరాడు. ఆ శరీరం ఎక్కడికి వచ్చింది? ఎవరికైనా తెలుసా? ...మన కాకినాడకు. రంగరాయ వైద్య కళాశాలకు. చిట్టెలుకను గనిలో పడేసి లెక్క చెప్పిన ఆ మనిషి, చివరికి ఈ ఊరి పిల్లలకు పాఠమయ్యాడు. నేను ఆ కళాశాల ముందు నుంచి రోజూ సైకిలు మీద పోయేవాణ్ణి. ఈ సంగతి నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

సరే, సినిమాకు వద్దాం. నా గొంతు ఎండుతోంది, కాసిని నీళ్లివ్వండి... ఆ, గొంతు అన్నాను కాబట్టి గొంతు సంగతి. పిల్లలు పెరట్లోంచి ఎంత అరిచినా తల్లిదండ్రులకు వినిపించదు, కుక్కకు వినిపిస్తుంది. క్వార్క్ అని పేరు దానికి. కుక్కకు అణువులోపలి కణం పేరు పెట్టుకున్న ఇల్లు అది! ఈ ముక్క నాకెంతో నచ్చింది. ఎందుకంటే ఇక్కడ దర్శకుడు సగం సరిగ్గా ఊహించాడు. వీణ తీగను సగం దగ్గర నొక్కితే ఏమవుతుంది? పై షడ్జమం పలుకుతుంది. తీగ పొట్టిదైతే స్వరం పైకి పోతుంది. పిల్లాడి గొంతులో తీగలు సెకనుకు సుమారు మూడు వందల సార్లు కంపిస్తాయనుకోండి. 240 రెట్లు పొట్టివైతే? డెబ్బై రెండు వేలు! మన చెవి ఇరవై వేల దగ్గర చేతులెత్తేస్తుంది. కుక్క చెవి నలభై అయిదు వేల దాకా వింటుంది. అంటే తల్లిదండ్రులకు వినిపించకపోవడం నూటికి నూరుపాళ్లు నిజం. పాపం క్వార్క్‌కు కూడా వినిపించదు. ఇంట్లో చిట్టెలుకలు ఉంటే అవి వింటాయి, గబ్బిలాలు వింటాయి. ఈ సినిమాలో డిస్నీవాళ్లు ఎలుక చేత పిల్లల్ని కాపాడించకపోవడమే నాకు ఆశ్చర్యం, ఆ సంస్థ నిలబడిందే ఎలుక మీద కదా!

ఇంకో రెండు తప్పులు చెప్పేసి ముందుకు పోతాను. రాత్రి లెగో ముక్కలో, అదే పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలో, పడుకుని నిద్రపోతారు. అంత చిన్న ఒంటికి వేడి నిలవదు, క్షణాల్లో చల్లబడిపోతారు. ప్రపంచంలో అతి తేలికైన క్షీరదాల్లో ఒకటి ఎట్రుస్కన్ చుంచు, రెండు గ్రాములుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి రోజూ తన బరువును మించి తింటుంది. మన పిల్లలు దానికన్నా దాదాపు ఏడు వందల రెట్లు తేలిక. నిద్రపోకూడదు, నములుతూనే ఉండాలి. అందుకని ఆ పెద్ద బిస్కెట్టు ఘట్టాన్ని నేను క్షమించేశాను. రెండోది మెదడు. మనిషి మెదడులో 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. కణం పరిమాణం మార్చకుండా ఆ చిన్న తలలో ఎన్ని పడతాయి? ఆరువేలు. చీమకే రెండున్నర లక్షలుంటాయని అంచనా. ఆ గుంపులో దారి తెలిసినవాడు ఎవరు మరి? చీమే!

మీరు అడగొచ్చు. ఇన్ని తప్పులున్నాయి కదా, మరి ఎందుకండీ మాకు ఇది చూపించారు? ఎందుకంటే ఇందులో రాకెట్టు లేదు. వేరే గ్రహం లేదు. ఎనభైలలో పిల్లలు, విజ్ఞాన కల్పన అంటే చాలు, ఆకాశంలోంచి ఏదో ఒకటి దిగేది. ఇక్కడ ఏమీ దిగదు. రోజూ చూసే పెరడే. వాళ్లమ్మ బట్టలారేసే పెరడే. అందులోనే అడవి, అందులోనే వరద, అందులోనే తేలు. తండ్రి మాత్రం అదే పెరట్లో, గడ్డి తొక్కకుండా తాడుకు వేలాడుతూ, తలకు భూతద్దాలు కట్టుకుని, పిల్లల కోసం ఒక్కో పరకా వెతుకుతుంటాడు. ఆ దృశ్యానికి మీరంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంతకుముందు ఆ మనిషి పిల్లల్ని ఏనాడైనా అంత దగ్గరగా చూశాడా? యంత్రాన్నే చూసేవాడు కదా. ఆ వేషం వేసిన రిక్ మొరానిస్ గురించి ఒక్క మాట. కొన్నేళ్లకు ఆయన భార్య క్యాన్సర్‌తో పోయింది. చిన్న పిల్లలు. సినిమాలు తగ్గించి తగ్గించి, చివరికి మానేసి, ఇంట్లో కూర్చుని పిల్లల్ని పెంచుకున్నాడు. అంత పేరున్న నటుడు, ఏళ్లకు ఏళ్లు తెర మీద కనిపించలేదు.

చివరి లెక్క. ఇది చెప్పి కూర్చుంటాను. పెరడు ఇరవై మీటర్లు అనుకుందాం. 240 రెట్లు చిన్నవాడికి అది ఐదు కిలోమీటర్ల దూరం. అందుకే సినిమాలో ఒక పగలు, ఒక రాత్రి పట్టింది. మీకు సబబుగానే అనిపించింది కదా? నాకూ ముప్ఫై ఏళ్లు సబబుగానే అనిపించింది. కానీ కాళ్లు పొట్టివైతే అడుగులు చకచకా పడతాయి. పొట్టి లోలకం త్వరగా ఊగుతుంది కదా, కాలూ అంతే. ఆ లెక్కన వేగం 240 రెట్లు తగ్గదు, 240కి వర్గమూలం, పదిహేను రెట్లు మాత్రమే తగ్గుతుంది. మనకు ఇరవై మీటర్లు నడవడానికి పదిహేను సెకన్లు. వాళ్లకు పదిహేను పదిహేన్లు, నాలుగు నిమిషాలు కూడా లేదు! గడ్డి అడ్డం వచ్చిందనుకోండి, పావుగంట.

నమ్మరు కదా. నేనూ నమ్మలేదు. నిన్న పొద్దున మా వరండాలో గోడ వారగా సుద్దముక్కతో మీటరు దూరంలో రెండు గీతలు గీశాను. గండుచీమ ఒకటి వస్తోంది. మా ఆవిడ ఫోనులో సెకన్లు లెక్కపెట్టింది. మధ్యలో అది ఆగి మీసాలు సవరించుకుంది, వెనక్కి తిరిగి ఏదో మరిచిపోయినట్టు రెండడుగులు వేసి మళ్లీ వచ్చింది. అన్నీ కలిపి ఇరవై రెండు సెకన్లు. ఇరవై మీటర్లకు ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. వేన్ సలిన్‌స్కీ గారు చెత్తసంచి పడేసి, లోపలికొచ్చి, కాఫీ కలుపుకునేలోపు పిల్లలు గుమ్మం దగ్గరుంటారు!

సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. దానికిప్పుడు ముప్ఫై దాటాయి, దానికీ ఓ పిల్లాడు. అంతా విని, ‘అవన్నీ సరే నాన్నా, బరువు ఎక్కడికి పోయిందో ఇంకా చెప్పలేదు’ అంది.

సుద్దముక్క తెచ్చాను, జేబులో ఉంది. బయట వేపచెట్టు మొదట్లో, సరిగ్గా మీరంతా చెప్పులు విప్పిన చోట, ఇందాక నేను వచ్చేటప్పుడు పెద్ద వరుస పోతోంది. ఫోనున్న పెద్దవాళ్లు ఇద్దరు నాతో రండి. పిల్లలూ, అడుగు చూసుకుని వేయండి.